అమెరికాలో జాతి సమానత్వం: జరిగిందెంత, జరగాల్సిందెంత? తరచుగా అడిగే ప్రశ్నలు

బానిసత్వం 1865లోనే పోయింది కదా, ఇంకా ఈ చర్చ ఎందుకు?

బానిసత్వం పోయిన మాట నిజమే. దాని స్థానంలోకి వచ్చిన ఏర్పాటు మాత్రం 1960ల దాకా నడిచింది.

బానిసత్వం మీద ఉత్తర, దక్షిణాది రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధం ముగిశాక ఐదేళ్లలో మూడు రాజ్యాంగ సవరణలు వచ్చాయి. 1865లో 13వది బానిసత్వాన్ని రద్దు చేసింది. 1868లో 14వది పౌరసత్వాన్ని, చట్టం ముందు సమాన రక్షణను ఇచ్చింది. జాతి కారణంగా ఎవరికీ ఓటు హక్కు నిరాకరించరాదని 1870లో 15వది చెప్పింది. కొన్నాళ్లు అవి అమలయ్యాయి కూడా. 1870లో మిసిసిపీ నుంచి హైరమ్ రెవెల్స్ సెనేటర్ అయ్యాడు. దక్షిణాది శాసనసభల్లో నల్లజాతి సభ్యులు వందల సంఖ్యలో ఉండేవారు.

1877లో ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వం దక్షిణాదిలో ఉంచిన తన సైన్యాన్ని పక్కకు తప్పించేసరికి కథ తిరగబడింది. ఓటు వేయాలంటే పన్ను కట్టాలన్నారు, చదువు పరీక్ష పాసవ్వాలన్నారు. తెల్లవారికి మాత్రం "మీ తాతకు ఓటు ఉండేదా? అయితే మీకూ ఉంది" అని మినహాయింపు ఇచ్చారు. ఫలితం ఎలా ఉందంటే, లూసియానాలో 1896లో నల్లజాతి ఓటర్లు లక్షా 30 వేల మంది. 1904కి మిగిలింది 1,342 మంది. దేశ రాజ్యాంగంలో ఒక్క అక్షరం మారలేదు, ఓట్లు మాత్రం మాయమయ్యాయి.

కాబట్టి నల్లజాతివారు చట్టం దృష్టిలో నిజంగా సమానులైంది 1865లో కాదు, 1965 ప్రాంతంలో. 1960లో న్యూ ఆర్లీన్స్‌లో ఫెడరల్ మార్షల్స్ కాపలా మధ్య తెల్లవారి స్కూల్లో అడుగుపెట్టిన ఆరేళ్ల రూబీ బ్రిడ్జెస్ పుట్టింది 1954లో. ఆమె వయసువాళ్లు ఇంకా ఉద్యోగాలు చేస్తూ కనిపిస్తారు. దీన్ని పాత చరిత్ర అనడానికి నాకైతే నోరు రాదు.

'జిమ్ క్రో' అంటే ఏమిటి?

దక్షిణాది రాష్ట్రాల్లో స్కూళ్లు, రైళ్లు, బస్సులు, ఆసుపత్రులు, శ్మశానాలు, చివరికి మంచినీళ్ల కుళాయిలను కూడా రంగును బట్టి విడగొట్టిన చట్టాలన్నిటికీ కలిపి ఉన్న పేరు. విడిగా ఉన్నా సమానంగా ఉంటే చాలని 1896లో ప్లెసీ వర్సెస్ ఫెర్గూసన్ కేసులో సుప్రీంకోర్టు వీటికి ముద్ర వేసింది. ఒప్పుకోనిది జస్టిస్ హార్లాన్ ఒక్కడే. విడిగా ఉంచడం అక్షరాలా అమలైంది, సమానంగా ఉంచడం ఎక్కడా జరగలేదు. ఎదురు తిరిగినవారి మీదకు గుంపులు వచ్చేవి. 1877 నుంచి 1950 వరకు దక్షిణాదిలో 4 వేలకు పైగా లించింగ్ హత్యలు నమోదయ్యాయి. దీనికి వ్యతిరేకంగా మొదటి ఫెడరల్ బిల్లు 1900లో వచ్చింది. అది చట్టమైంది 2022లో!

1964, 1965 చట్టాలు నిజంగా ఏం మార్చాయి?

చాలా మార్చాయి. "చట్టాలతో ఏమవుతుందిలే" అనేవాళ్లు చూడాల్సింది మిసిసిపీని. 1965 ఓటు హక్కు చట్టానికి ముందు అక్కడి నల్లజాతి వయోజనుల్లో ఓటరుగా నమోదైనవారు సుమారు 7 శాతం. 1967కల్లా దాదాపు 60 శాతం. అదే జనం, అవే ఊళ్లు. నమోదు కార్యాలయంలో కూర్చుని తిప్పి పంపే మనిషికి ఉన్న అధికారాన్ని చట్టం లాగేసుకుంది, అంతే.

1964 పౌరహక్కుల చట్టం హోటళ్లు, సినిమా హాళ్లు, బస్టాండ్లను అందరికీ తెరిచింది. ఉద్యోగాల్లో జాతి, మతం, లింగం, పుట్టిన దేశం ఆధారంగా వివక్షను నిషేధించింది. తెల్లవారికీ ఇతరులకూ మధ్య పెళ్లిళ్ల మీద 16 రాష్ట్రాల్లో ఇంకా మిగిలి ఉన్న నిషేధాన్ని 1967లో లవింగ్ కేసులో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కొట్టేసింది. 1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి ఇళ్ల విషయంలో వివక్షను నిషేధించే చట్టం వచ్చింది. ఆ బిల్లు అంతకుముందు కాంగ్రెస్‌లో (అమెరికా పార్లమెంటులో) ఎన్నోసార్లు ఆగిపోయింది. చివరి గడప దాటింది ఒక ప్రాణం పోయాకే.

ఇదంతా కింగ్ ఒక్కడి వల్లే సాధ్యమైందా?

కాదు. ఆయన్ని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. బస్సులో తెల్లవారికి సీటు ఇవ్వనన్న రోజా పార్క్స్ అరెస్టుతో 1955లో అలబామాలో మొదలైన మాంట్‌గమరీ బస్సుల బహిష్కారం 381 రోజులు నడిచింది. ఆమె అరెస్టయిన రాత్రే కరపత్రాలు వేల సంఖ్యలో తీసి పంచే ఏర్పాటు చేసింది జో ఆన్ రాబిన్సన్ అనే కాలేజీ అధ్యాపకురాలు. రోజా పార్క్స్ కంటే తొమ్మిది నెలల ముందే, అదే ఊళ్లో, 15 ఏళ్ల క్లాడెట్ కాల్విన్ బస్సులో సీటు ఇవ్వనని అరెస్టయింది. ఆ ఊరి బస్సుల్లో వేర్పాటు చెల్లదని కోర్టు చెప్పిన కేసులో పిటిషనర్లలో ఆమె కూడా ఉంది. 1963 వాషింగ్టన్ సభకు రెండున్నర లక్షల మందిని చేర్చే ఏర్పాట్లన్నీ చూసుకున్నది బేయర్డ్ రస్టిన్. ఆ సభ పేరులో స్వేచ్ఛ కంటే ముందు ఉద్యోగాలు అనే మాట ఉందని చాలామందికి గుర్తుండదు.

అప్పటికీ ఇప్పటికీ అంకెల్లో ఎంత తేడా వచ్చింది?

1959లో నల్లజాతివారిలో 55 శాతం మంది పేదరికంలో ఉన్నారు, 2023లో దాదాపు 18 శాతం. 1960ల మధ్యలో పాతికేళ్లు దాటిన నల్లజాతివారిలో హైస్కూల్ పూర్తిచేసినవారు సుమారు పావు వంతు, ఇప్పుడు పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది. దేశమంతా కలిపి ఎన్నికైన నల్లజాతి ప్రజాప్రతినిధులు 1970లో 1,469 మంది ఉంటే, 2001కి 9 వేలు దాటారు. నల్లవారికీ తెల్లవారికీ మధ్య పెళ్లిళ్లు మాకు సమ్మతమేనని 1958లో గాలప్ సర్వేలో చెప్పినవారు 4 శాతం, 2021లో 94 శాతం. మనుషుల మనసులు మారవనే వాదనకు ఈ చివరి అంకె గట్టి జవాబు.

ఈ ప్రగతిని ఒప్పుకోవడానికి కొందరు ఇబ్బంది పడతారు. ఒప్పుకుంటే పోరాటం నీరుగారిపోతుందని వాళ్ల భయం. నాకు అలా అనిపించదు. ఏ పద్ధతి పనిచేసిందో తెలియాలంటే, పనిచేసిన చోట పనిచేసిందని చెప్పాల్సిందే.

నల్లజాతి వ్యక్తి రెండుసార్లు అధ్యక్షుడయ్యాక ఇంకేం కావాలి?

ఇల్లు అలకగానే పండగ కాదు. ఇప్పటిదాకా ఎన్నికల్లో గెలిచి గవర్నర్లయిన నల్లజాతివారు మొత్తం చరిత్రలో ముగ్గురే: వర్జీనియాలో డగ్లస్ వైల్డర్, మసాచుసెట్స్‌లో డెవల్ పాట్రిక్, మేరీలాండ్‌లో వెస్ మూర్. సుప్రీంకోర్టులో మొదటి నల్లజాతి మహిళ, కెటాంజీ బ్రౌన్ జాక్సన్, 2022లో కూర్చుంది. అది కోర్టు పెట్టిన 233వ ఏడు.

చదువు పెరిగింది, ఆదాయం పెరిగింది. మరి ఆస్తిలో తేడా ఎందుకు తగ్గలేదు?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

2023లో మధ్యస్థ నల్లజాతి కుటుంబం ఆదాయం ఏడాదికి సుమారు 56 వేల డాలర్లు, తెల్లజాతి కుటుంబానిది 89 వేలు. అంటే డాలరుకు 63 సెంట్లు. ఆస్తి దగ్గరికి వచ్చేసరికి, 2022 ఫెడరల్ రిజర్వ్ సర్వే ప్రకారం, తెల్లజాతి కుటుంబానికి 2,85,000 డాలర్లు, నల్లజాతి కుటుంబానికి 44,900. డాలరుకు 16 సెంట్లు కూడా లేవు. మధ్యస్థం అంటే అందరినీ వరుసగా నిలబెడితే సరిగ్గా నడిమధ్యన ఉండే కుటుంబం, కాబట్టి ఈ లెక్కను కోటీశ్వరులు వంకర తిప్పలేరు.

ఆదాయం ఈ ఏడాది కష్టానికి వచ్చేది. ఆస్తి తరాలుగా పోగయ్యేది. అమెరికాలో మధ్యతరగతి ఆస్తి అంటే ప్రధానంగా సొంత ఇల్లు, ఆ ఇళ్లు చౌకగా చేతికొచ్చిన కాలంలో ప్రభుత్వమే గీత గీసి నల్లజాతివారిని బయట నిలబెట్టింది.

గీత గీయడం అనేది మాటవరసకు అన్నది కాదు. 1930లలో ఒక ఫెడరల్ సంస్థ 200కు పైగా నగరాలకు మ్యాపులు తయారుచేసింది. మంచి పేటలకు ఆకుపచ్చ రంగు, తర్వాత నీలం, పసుపు. నల్లజాతివారు ఉండే పేటలకు దాదాపు ఎక్కడ చూసినా ఎరుపు. ఎరుపు అంటే అప్పు ఇవ్వడం ప్రమాదం అని అర్థం. 1934లో ఏర్పడిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ కూడా గృహరుణాలకు హామీ ఇచ్చేటప్పుడు అదే దారి పట్టింది. డెట్రాయిట్‌లో 1941లో ఒక బిల్డర్‌కు నల్లజాతి పేట పక్కనే స్థలం దొరికింది. రుణహామీ రావడం కోసం మధ్యలో అరమైలు పొడవున ఆరడుగుల గోడ కట్టాడు. హామీ వచ్చింది. ఆ గోడ ఇప్పటికీ నిలబడే ఉంది.

రెండో ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు ఇళ్లు, చదువు, వ్యాపారం కోసం 1944లో జీఐ బిల్ వచ్చింది. దాన్ని అమలు చేసింది స్థానిక బ్యాంకులు, స్థానిక అధికారులు. మిసిసిపీలో 1947లో ప్రభుత్వ హామీతో ఇచ్చిన 3 వేలకు పైగా రుణాల్లో నల్లజాతి సైనికులకు దక్కినవి రెండు. న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్‌లో అప్పుడే లేచిన లెవిట్‌టౌన్‌లో 17 వేల ఇళ్లు, ఒక్కొక్కటి 8 వేల డాలర్ల లోపే. తెల్లవారు కానివాళ్లను ఉంచకూడదని ఒప్పందంలోనే రాసుకున్నారు. అప్పట్లో 8 వేలు పెట్టిన ఇల్లు ఇప్పుడు కొన్ని లక్షల డాలర్లు పలుకుతుంది. ఆ ఇంటి మీద పిల్లల కాలేజీ ఫీజులు కట్టారు, వ్యాపారాలు పెట్టారు, పోయేటప్పుడు మనవలకు ఇచ్చి పోయారు.

1968 చట్టం ఆ తలుపు తెరిచింది. కానీ అప్పటికి ధరలు పెరిగిపోయాయి, లోపల ఉన్నవాళ్లు ఒక తరం ముందుకు వెళ్లిపోయారు. వివక్షను ఆపడం ఒక పని, వివక్ష వల్ల పోయినదాన్ని పూడ్చడం వేరే పని. అమెరికా మొదటిది చాలావరకు చేసింది. రెండోదానికి ఇంకా సరిగ్గా కొబ్బరికాయ కూడా కొట్టలేదు.

ఇప్పుడు ఎవరైనా ఎక్కడైనా ఇల్లు కొనుక్కోవచ్చు కదా?

చట్టప్రకారం కొనుక్కోవచ్చు. సొంత ఇల్లు ఉన్న తెల్లజాతి కుటుంబాలు సుమారు 74 శాతం, నల్లజాతి కుటుంబాలు 45 శాతం. డౌన్ పేమెంట్‌కు అమ్మానాన్నలు సాయం చేయగలిగితే ముప్ఫైల్లోనే కొంటారు, లేకపోతే పదేళ్లు ఆలస్యం. బ్యాంకు వాళ్లు ఎవరూ రంగు చూడకపోయినా ఈ తేడా ఇలాగే సాగుతుంది.

స్కూళ్లు కలిసిపోయినట్టేనా?

1954లో బ్రౌన్ కేసులో సుప్రీంకోర్టు జడ్జిలు తొమ్మిదిమందీ ఒక్క మాట మీద స్కూళ్లలో వేర్పాటు చెల్లదన్నారు. వాదించిన లాయరు థర్గుడ్ మార్షల్ 1967లో అదే కోర్టులో జడ్జి అయ్యాడు. కానీ తీర్పు వచ్చినంత తేలిగ్గా స్కూళ్లు కలవలేదు. వర్జీనియాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ వాళ్లయితే పిల్లల్ని కలపడం ఇష్టం లేక 1959 నుంచి 1964 వరకు ప్రభుత్వ స్కూళ్లనే మూసేశారు. ఐదేళ్లు! తెల్లపిల్లలకు ప్రైవేటు స్కూలు పెట్టుకున్నారు. నల్లపిల్లల్లో చాలామందికి ఆ చదువు మళ్లీ దక్కలేదు.

1960ల చివర్లో కోర్టులు గట్టిగా పట్టుబట్టాక దక్షిణాదిలో స్కూళ్లు బాగా కలిశాయి. తర్వాత సుప్రీంకోర్టు ఇచ్చిన రెండు తీర్పులు బ్రేకు వేశాయి. స్కూలు నిధుల్లో తేడా ఉన్నా రాజ్యాంగం అడ్డుచెప్పదని 1973లో టెక్సస్ కేసులో అన్నారు. నగరాన్నీ చుట్టూ ఉన్న శివార్లనూ కలిపి పిల్లల్ని సర్దమని ఆదేశించలేమని 1974లో డెట్రాయిట్ కేసులో 5–4 తేడాతో తేల్చారు. తెల్లజాతి కుటుంబాలు శివార్లకు వెళ్లిపోతే చాలు, వేర్పాటు దానంతట అదే వస్తుంది. పైగా స్కూలు డబ్బులో పెద్ద వాటా స్థానిక ఆస్తిపన్ను నుంచి రావడంతో పాత ఎర్ర మ్యాపుల ప్రభావం ఇళ్ల ధరల మీదుగా తరగతి గది దాకా చేరుతుంది.

ఉద్యోగాల్లో వివక్ష ఇంకా ఉందని ఎలా చెప్పగలరు? ఎవరూ ఒప్పుకోరు కదా!

ఒప్పుకోరు కాబట్టే పరిశోధకులు అడగడం మానేసి పరీక్ష పెట్టారు. 2000ల మొదట్లో బోస్టన్, షికాగోల్లో ఉద్యోగ ప్రకటనలకు సుమారు 5 వేల కల్పిత రెజ్యూమేలు పంపారు. అర్హతలు ఒకే తీరుగా పెట్టి పేర్లు మాత్రం మార్చారు. తెల్లవారివిగా వినిపించే ఎమిలీ, గ్రెగ్ లాంటి పేర్లకు, నల్లజాతివారివిగా వినిపించే లకీషా, జమాల్ లాంటి పేర్ల కంటే 50 శాతం ఎక్కువ పిలుపులు వచ్చాయి. మిల్వాకీలో ఇంకో ప్రయోగంలో మనుషుల్నే పంపారు. జైలుకెళ్లి వచ్చానని చెప్పిన తెల్లవాడికి 17 శాతం పిలుపులు వస్తే, ఏ నేరచరిత్రా లేని నల్లవాడికి వచ్చినవి 14 శాతం.

తర్వాత పెద్ద కంపెనీలకు 83 వేల దరఖాస్తులు పంపిన అధ్యయనంలో తేడా అంతకంటే తక్కువగా, 10 శాతం దగ్గర తేలింది. అన్ని కంపెనీలూ ఒకేలా లేవని, వివక్షలో ఎక్కువ భాగం కొన్ని కంపెనీల దగ్గరే పోగుపడి ఉందని కూడా బయటపడింది. ఇది మంచి వార్త అనే అనుకుంటాను. ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలిసింది.

పోలీసులు, కోర్టులు, జైళ్ల మాటేమిటి?

1986 మాదకద్రవ్యాల చట్టం ప్రకారం అమ్మకం కేసులో 5 గ్రాముల క్రాక్ (పొగతాగే గడ్డల రూపంలోని కొకైన్) దొరికితే ఐదేళ్లు తప్పనిసరి జైలు. అదే శిక్ష పడాలంటే పొడి కొకైన్ 500 గ్రాములు ఉండాలి. రెండూ ఒకే మందు. క్రాక్ కేసుల్లో శిక్షపడ్డవారిలో అత్యధికులు నల్లజాతివారు. చట్టంలో రంగు మాటే లేదు, ఫలితంలో రంగు తప్ప మరేమీ లేదు. 2010లో ఆ 100:1 నిష్పత్తిని 18:1కి తగ్గించారు, 2018లో పాత ఖైదీలకూ వర్తింపజేశారు. ఎందుకు 18? ఎవరి దగ్గరా శాస్త్రీయమైన జవాబు లేదు, అది రెండు పార్టీల బేరంలో తెగిన అంకె.

రాష్ట్ర, ఫెడరల్ జైళ్లలో నల్లజాతివారి రేటు 2000లో తెల్లవారి కంటే సుమారు 8 రెట్లు, ఇప్పుడు 5 రెట్లకు దగ్గర. తగ్గుదల నిజం, మిగిలినదీ తక్కువేం కాదు.

2020 మే 25న మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద పోలీసు అధికారి తొమ్మిదిన్నర నిమిషాల పాటు మోకాలు పెట్టి ఉంచాడు. ఆ అధికారికి హత్యానేరం కింద శిక్షపడింది. ఎన్నో రాష్ట్రాలు, నగరాలు మెడ పట్టును నిషేధించాయి. ఫెడరల్ స్థాయిలో తెచ్చిన సంస్కరణ బిల్లు ప్రతినిధుల సభలో రెండుసార్లు గెలిచి, సెనేట్ దగ్గర ఆగిపోయింది. పోలీసుల చేతిలో ఏటా సుమారు వెయ్యిమంది చనిపోతూనే ఉన్నారు, జనాభా లెక్కన నల్లజాతివారికి ఆ ముప్పు తెల్లవారి కంటే రెట్టింపు పైనే.

ఆరోగ్యంలో తేడాలు పేదరికం వల్లే కదా?

కొంత వరకే. 2023లో ప్రసవ సంబంధ మరణాలు లక్ష కాన్పులకు నల్లజాతి తల్లుల్లో 50, తెల్లజాతి తల్లుల్లో 14.5. బాగా చదువుకున్న నల్లజాతి మహిళల్లోనూ ఈ ముప్పు ఎక్కువగానే ఉంటుంది, కాబట్టి డబ్బు ఒక్కటే కారణం కాదు. అదే ఏడాది సగటు ఆయుర్దాయంలో నాలుగేళ్లకు పైగా తేడా ఉంది: నల్లజాతివారికి 74, తెల్లవారికి 78.4.

కొన్ని తప్పులు పరికరాల్లో, లెక్కల్లోనే దాక్కున్నాయి. వేలికి తగిలించే ఆక్సిమీటర్ ముదురు చర్మం మీద ఆక్సిజన్‌ను ఉన్నదానికంటే ఎక్కువ చూపించగలదని కోవిడ్ రోజుల్లో గట్టిగా తేలింది. కిడ్నీ పనితీరు లెక్కగట్టే సూత్రంలో నల్లజాతి రోగి అయితే ఫలితాన్ని పెంచి చూపే గుణకం ఒకటి ఏళ్ల తరబడి ఉండేది. దానివల్ల వాళ్ల కిడ్నీలు కాగితం మీద బాగున్నట్టు కనిపించి, మార్పిడి జాబితాలోకి ఆలస్యంగా ఎక్కేవారు. 2021లో ఆ సూత్రం మార్చారు. 2023 నుంచి, నష్టపోయిన రోగుల వెయిటింగ్ మొదలైన తేదీని వెనక్కి జరిపి, పోయిన కాలాన్ని కలపమని ఆసుపత్రులను ఆదేశించారు. నాకు ఈ ఉదాహరణ చాలా ఇష్టం. తప్పును ఆపడంతో సరిపెట్టలేదు, దానివల్ల పోయిన కాలాన్ని తిరిగిచ్చారు.

ఓటు హక్కు ఇప్పుడు భద్రంగా ఉన్నట్టేనా?

1965 చట్టంలో ఒక గట్టి ఏర్పాటు ఉండేది. వివక్ష చరిత్ర ఉన్న ప్రాంతాలు ఎన్నికల నియమాలు మార్చాలంటే ముందుగా ఫెడరల్ అనుమతి తీసుకోవాలి. 2013లో షెల్బీ కౌంటీ కేసులో సుప్రీంకోర్టు 5–4తో ఆ ప్రాంతాల జాబితాను తేల్చే సూత్రాన్ని కొట్టేసింది, దాంతో ముందస్తు అనుమతి మూలనపడింది. తీర్పు వచ్చిన రోజే టెక్సస్ తన గుర్తింపు కార్డు చట్టాన్ని అమలుచేస్తామని ప్రకటించింది. నార్త్ కరోలినా తెచ్చిన చట్టాన్ని, నల్లజాతి ఓటర్లను కావాలనే గురిపెట్టిందంటూ 2016లో ఫెడరల్ అప్పీల్ కోర్టు కొట్టేసింది. ఆ మూడేళ్లలో ఎన్నికలు మాత్రం జరిగిపోయాయి. ముందే ఆపడానికీ తర్వాత దావా వేయడానికీ తేడా అదే.

ఫ్లోరిడాలో 2018లో ప్రజలే ఓటేసి, నేరానికి శిక్ష పూర్తిచేసినవారిలో చాలామందికి ఓటు హక్కు తిరిగిచ్చారు. మరుసటి ఏడాది శాసనసభ, జరిమానాలు, కోర్టు ఫీజులు అన్నీ కట్టాకే అని మెలిక పెట్టింది.

అఫర్మేటివ్ యాక్షన్ అంటే మన రిజర్వేషన్ల లాంటిదే కదా?

కాదు. సీట్లు ఇన్ని అని పక్కన పెట్టడం 1978లోనే చెల్లదన్నారు. ఆ తర్వాత యూనివర్సిటీలు చేసింది, దరఖాస్తు చూసేటప్పుడు జాతిని కూడా ఒక అంశంగా పరిగణించడం. హార్వర్డ్, నార్త్ కరోలినా యూనివర్సిటీల కేసుల్లో 2023 జూన్‌లో సుప్రీంకోర్టు దాన్నీ ఆపేసింది. మరుసటి ఏడు ఎంఐటీలో నల్లజాతి విద్యార్థుల వాటా 13 శాతం నుంచి 5 శాతానికి పడింది. కొన్ని ఇతర పెద్ద యూనివర్సిటీల్లో పెద్దగా మారలేదు. పూర్వ విద్యార్థుల పిల్లలకు ఇచ్చే మొగ్గు మాత్రం చాలా ప్రైవేటు యూనివర్సిటీల్లో అలాగే ఉంది. ఆ 'మెరిట్' గురించి కోర్టుకెళ్లినవాళ్లు తక్కువ.

మన ఇండియన్లు కష్టపడి పైకొచ్చారు. వాళ్లెందుకు రాలేకపోయారు?

ఈ ప్రశ్న తెలుగువాళ్ల పార్టీల్లో తరచూ వినిపిస్తుంది. జవాబు కాస్త చేదుగా ఉంటుంది.

అమెరికాలో ఉన్న భారతీయ వయోజనుల్లో నాలుగింట మూడొంతుల మందికి డిగ్రీ ఉంది. భారతదేశంలో ఆ నిష్పత్తి ఎంతో అందరికీ తెలుసు. అంటే మనలో చదువుకున్నవాళ్లనే వీసా నియమాలు ఏరి తెచ్చుకున్నాయి. ఏరిన గింజలను పక్కన పెట్టుకుని, ఏరని రాశితో పోల్చి మా పంట గొప్పదంటే ఎలా?

రెండో సంగతి, ఆ తలుపు తెరుచుకున్న తీరు. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు తెల్లవారు కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని సుప్రీంకోర్టు తేల్చింది. అప్పటికే పౌరులైన పదుల మందికి పౌరసత్వం పోయింది. 1946లో అర్హత వచ్చినా ఏడాదికి వందమందికే కోటా. 1965 అక్టోబర్ 3న సంతకమైన వలస చట్టం ఆ కోటాలను ఎత్తేసింది. ఓటు హక్కు చట్టం వచ్చి అప్పటికి రెండు నెలలు. జాతిని బట్టి మనుషుల్ని లెక్కగట్టడం తప్పని దేశాన్ని ఒప్పించడానికి దెబ్బలు తిన్నది నల్లజాతివారు. ఆ ఒప్పుదల లేకపోతే మనలో చాలామందికి గ్రీన్‌కార్డులు లేవు.

చదువూ ఉద్యోగమూ జాతి ద్వేషం నుంచి కాపాడతాయనీ అనుకోలేం. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లోని ఒలేతాలో ఒక బార్‌లో తెలుగు ఇంజనీరును, నా దేశం నుంచి పొమ్మంటూ ఒకడు కాల్చి చంపాడు. అలాగని మనం ఎప్పుడూ బాధితుల వైపే ఉన్నామనీ కాదు. ఉద్యోగాల్లో, ఇళ్ల అద్దె, అమ్మకాల్లో కులవివక్షను నిషేధిస్తూ 2023లో సియాటిల్ నగరం చట్టం చేసింది. కాలిఫోర్నియాలో అలాంటి బిల్లును శాసనసభ ఆమోదించినా గవర్నర్ వీటో చేశాడు. రెండింటినీ గట్టిగా వ్యతిరేకించినవారిలో మనవాళ్లూ ఉన్నారు.

ఇది నల్లజాతివారి సమస్య మాత్రమేనా?

కాదు. ఈ నేల మీద మొదటినుంచీ ఉన్న ఆదివాసులకు పౌరసత్వం 1924లో గానీ పూర్తిగా రాలేదు. 2023లో వాళ్ల సగటు ఆయుర్దాయం 70 ఏళ్లు, అన్ని వర్గాల్లోనూ అదే తక్కువ. నవాహో నేషన్ అనే ఆదివాసీ ప్రాంతంలో సుమారు మూడో వంతు ఇళ్లకు ఇప్పటికీ కుళాయి నీళ్లు రావు. హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న) కుటుంబాల మధ్యస్థ ఆస్తి 61,600 డాలర్లు, అదీ తెల్లవారిలో నాలుగో వంతు లోపే.

బానిసత్వానికి, వివక్షకు పరిహారం ఇవ్వాలనడం అత్యాశ కాదా?

అమెరికాకు పరిహారం కొత్తేం కాదు. రెండో ప్రపంచయుద్ధంలో సుమారు లక్షా 20 వేల మంది జపనీస్ మూలాలవారిని శిబిరాల్లో బంధించినందుకు 1988లో క్షమాపణ చెప్పి, బతికున్న ఒక్కొక్కరికి 20 వేల డాలర్లు ఇచ్చింది. 1862లో రాజధాని వాషింగ్టన్‌లో బానిసలను విడిపించినప్పుడు కూడా పరిహారం ఇచ్చింది, కాకపోతే యజమానులకు! ఒక్కో బానిసకు 300 డాలర్ల దాకా. 1865లో విడుదలైన కుటుంబాలకు 40 ఎకరాల చొప్పున భూమి ఇమ్మన్న జనరల్ షెర్మన్ ఆదేశాన్ని అదే ఏడాది అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ రద్దుచేశాడు.

పరిహారం ఇవ్వాలా అన్నది కూడా కాదు, అధ్యయనం చేయడానికి ఒక కమిషన్ వేయాలన్న బిల్లు 1989 నుంచి కాంగ్రెస్‌లో నలుగుతోంది. ఇలినాయ్‌లోని ఎవాన్‌స్టన్ నగరం మాత్రం ఇళ్ల వివక్షకు గురైన కుటుంబాలకు 25 వేల డాలర్ల సాయం 2021లో ఆమోదించింది. దానిమీదా కోర్టు కేసు పడింది.

మిగిలిన పనుల్లో అన్నిటికంటే ముందు చేయాల్సింది ఏది?

నా ఓటు ఆస్తికి. ఓటు హక్కు, పోలీసు సంస్కరణ తక్కువవని కాదు. స్కూలు, ఆరోగ్యం, చివరికి బెయిలు డబ్బు కూడా వెళ్లి ఆస్తి దగ్గరే ఆగుతాయి. కోర్టులు ఇప్పుడు జాతి పేరుతో ఏ పథకాన్నీ నిలవనిచ్చేలా లేవు కాబట్టి జాతి పేరెత్తకుండానే చేయగలిగిన దారులు వెతకాలి. కనెక్టికట్‌లో 2023 జూలై 1 తర్వాత పేదల వైద్యబీమా కింద పుట్టిన ప్రతి బిడ్డ పేరున ప్రభుత్వం 3,200 డాలర్లు మదుపు చేస్తోంది. 18 నుంచి 30 ఏళ్ల మధ్య ఆ డబ్బును ఇల్లు కొనడానికో, చదువుకో, వ్యాపారానికో వాడుకోవచ్చు. ఆస్తి తేడా ముందు ఇది చిన్న మొత్తమే. కానీ తాత ఇవ్వలేకపోయినది ఇవ్వడానికి చేసిన ప్రయత్నాల్లో నాకు తెలిసిన వాటిలో సూటిగా ఉన్నది ఇదే.

2025లో డీఈఐ (వైవిధ్యం, సమానత్వం, అందరినీ కలుపుకుపోవడం కోసం పెట్టిన కార్యక్రమాలు) ఎత్తేశారు కదా, వివక్ష చట్టాలు ఇంకా ఉన్నాయా? నాకు ఎదురైతే ఎక్కడికి వెళ్లాలి?

ఎత్తేసింది ఫెడరల్ ప్రభుత్వంలోని డీఈఐ కార్యక్రమాలను, దాంతోపాటు ప్రభుత్వ కాంట్రాక్టర్ల మీద 1965 నుంచి ఉన్న అధ్యక్షుడి ఆదేశం 11246ను. 1964 చట్టం కాంగ్రెస్ చేసినది, అది అధ్యక్షుడి సంతకంతో పోదు. 15 మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థలన్నిటికీ వర్తిస్తుంది. మీరు హెచ్1బీలో ఉన్నా, గ్రీన్‌కార్డు ఉన్నా, పౌరులైనా తేడా లేదు.

ఉద్యోగ వివక్ష మీద ఈఈఓసీకి (ఉద్యోగాల్లో సమాన అవకాశాలు చూసే ఫెడరల్ కమిషన్‌కు) ఫిర్యాదు చేయడానికి గడువు 180 రోజులు. మీ రాష్ట్రంలోనూ అలాంటి చట్టం, దాన్ని అమలుచేసే ఏజెన్సీ ఉంటే 300 రోజులు. ఫెడరల్ ఉద్యోగులైతే 45 రోజుల్లోపే తమ ఏజెన్సీలోని కౌన్సెలర్‌ను కలవాలి. ఇంటి అద్దె, కొనుగోలు విషయంలోనైతే హడ్ (ఫెడరల్ గృహనిర్మాణ శాఖ) దగ్గర ఏడాది లోపు ఫిర్యాదు చేయవచ్చు. చాలా కేసులు సాక్ష్యం లేక కాదు, గడువు దాటిపోయి చేజారతాయి. అందుకని ముందు తేదీలు రాసిపెట్టుకోండి, ఈమెయిళ్లు చెరిపేయకండి.